ఎనిమిది మూలల దడి

పక్కింటావిడ నా గుండు ఫోటో తీసి గ్రూపులో పెట్టిన రోజునే, దీనికి బదులు తీర్చుకోకపోతే నేను మనిషినే కాదనుకున్నాను. ఎలాగో అప్పటికి తెలియదు. దడి కట్టించాలన్న ఆలోచన తర్వాత వచ్చింది. ఆ దడికి ఎనిమిది మూలలుండాలనీ, అందులో ఒకటి సరిగ్గా ఎటు చూడాలనీ ఇంకా తర్వాత తట్టింది.

ఒమాన్‌లోని సోహార్‌లో మాదీ వాళ్లదీ ఒకే కాంపౌండు. రెండు విల్లాలు, మధ్యలో ఛాతీ ఎత్తు గోడ. మా వంటింటి తలుపు తీస్తే పెరడు. ఆ పెరటికి పడమటి వైపున వాళ్లిల్లు. వాళ్ల సింహద్వారం తూర్పుకి, అంటే మా పెరటి వైపుకే తెరుచుకుంటుంది. గుమ్మం పైన బాల్కనీ. రెండు విల్లాలూ ఖాళీగా ఉన్నప్పుడు యజమాని ముందు వాళ్లకే చూపించాడట. మాది పెద్దది, వెలుతురున్నది. అయినా తూర్పు గుమ్మం ఉందని ఆవిడ చిన్నదే తీసుకుంది. ఈ సంగతి ఆవిడే నాకు చాలాసార్లు చెప్పింది, నా వంటింటి తలుపు దక్షిణానికి ఉన్నందుకు జాలిపడుతూ.

ఆవిడకి వాస్తు పిచ్చి. ఊళ్లో తెలుగువాళ్లు ఎవరు కొత్తగా ఇల్లు తీసుకున్నా, పిలిచినా పిలవకపోయినా వెళ్లి, అరచేతిలో ఫోన్ పెట్టుకుని దిక్కులు చూసి, మంచం ఇటు, పొయ్యి అటు అని తేల్చేసి వచ్చేది. ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. వాళ్లాయన పోర్టు దగ్గరి ప్లాంటులో పెద్ద హోదాలో ఉన్నాడు. మా ఆయన డ్యూటీ చేసేది ఆయన కిందే.

నాకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. మస్కట్‌లో ఆపరేషన్, ఆ తర్వాత కీమో. విషయం తెలిసి ఆవిడ సంచీ నిండా దానిమ్మకాయలు పట్టుకుని చూడటానికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోకుండా ఇల్లంతా తిరిగి, వాషింగ్ మెషీన్ దగ్గర ఆగింది.

“ఈశాన్యంలో ఇంత బరువు పెట్టుకున్నారేంటండీ? ఇంటి ఇల్లాలి మీద కొడుతుందండీ ఇది. నాకు ముందే ఒక్క మాట చెప్పుంటే ఇంతదాకా వచ్చేది కాదు” అంది.

ఆ సాయంత్రం మా ఆయన ఒక్కరే ఆ మెషీన్ని ఈడ్చుకుంటూ ఇంకో మూలకి మార్చారు. ప్లాంటులో అన్ని మీటర్లు చూసి నడిపే మనిషి, ఆవిడ మాటకి బెదిరిపోయారు. నేనూ మంచం మీంచి చూస్తూ, ‘ఏమో, నిజమేనేమో’ అనుకున్నాను. నా జబ్బుకి కారణం నేను బట్టలుతుక్కునే చోటని ఆవిడ తీర్పు చెప్పేసింది, మేమిద్దరం కాసేపు నమ్మాం. ఆ కాసేపు నమ్మించినందుకు ఆవిడని ఇప్పటికీ క్షమించలేదు.

కీమో మొదలయ్యాక జుట్టు కుచ్చులు కుచ్చులుగా దిండుకి అంటుకుపోయేది. మిగిలినదాన్ని మా ఆయన చేతే ట్రిమ్మర్‌తో తీయించుకున్నాను. అప్పటికి మా అమ్మాయి హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతోంది, దానికి పరీక్షలు. చిన్న ఆపరేషన్ అని మాత్రమే చెప్పాం. వీడియో కాల్ అప్పుడు తలకి స్కార్ఫు కట్టుకుని, ‘ఏసీ మరీ చల్లగా ఉందే’ అనేదాన్ని. పరీక్షలయ్యాక అది ఇక్కడికి వస్తుంది, ఎదురుగా కూర్చోబెట్టుకుని నేనే స్కార్ఫు తీసి చూపించి చెబుదామనుకున్నాను. ఏ మాటతో మొదలుపెట్టాలో కూడా కూర్చుకుని పెట్టుకున్నాను.

స్కార్ఫు కింద తల ఒకటే దురద. చలికాలంలో సోహార్ ఎండ మెత్తగా ఉంటుంది. పొద్దున పెరట్లో నిమ్మచెట్టు పక్కన కుర్చీ వేసుకుని, స్కార్ఫు ఒళ్లో పెట్టుకుని, తూర్పుకి తిరిగి కూర్చునేదాన్ని. రోజంతటిలో నేను రోగినన్న సంగతి మరిచిపోయేది అప్పుడొక్కటే. వీపు వాళ్లింటి వైపు ఉండేది కాబట్టి, ఆవిడ బాల్కనీలోకి రావడం నేను చూడలేదు.

ఆ మధ్యాహ్నం తెలుగు ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపు తెరిస్తే నా గుండు కనపడింది. పైనుంచి, వెనకనుంచి తీసిన ఫోటో. కింద ఆవిడ రాసిన మాట: ‘మన చెల్లెలి కోసం అందరం ప్రార్థిద్దాం.’ దాని కింద వరసగా దండాలు పెడుతున్న చేతులు. నేను ఆ గ్రూపులో ఉన్నానన్న సంగతైనా ఎవరికీ గుర్తున్నట్టు లేదు. ఆవిడ చెడ్డమాట ఒక్కటి రాయలేదు, నాకు అదే మరీ మంట. తిడితే తిరిగి తిట్టొచ్చు. దండం పెట్టేవాళ్లని ఏం చేస్తాం?

సాయంత్రం మా అమ్మాయి ఫోన్ చేసింది. దాని స్నేహితురాలి తల్లి ఈ గ్రూపులో ఉంది.

“అమ్మా, ఇది నువ్వేనా?” అంది.

ఎవరో అనబోయాను.

“అబద్ధం చెప్పకు. మెడ మీద నీ పుట్టుమచ్చ కనపడుతోంది.”

ఇద్దరం ఫోన్ పట్టుకుని ఏడ్చాం, అంతే. మర్నాడు అది పరీక్ష హాల్లో ఏం రాసిందో దానికే తెలియదట. నా కూతురికి నా తల ఎప్పుడు చూపించాలో, ఎలా చూపించాలో నా ఇష్టం. జబ్బు నా దగ్గర చాలా తీసుకుంది గానీ అది మాత్రం మిగిలింది. దాన్ని ఆవిడ బాల్కనీలోంచి ఎత్తుకుపోయింది.

ఆవిడకి ఫోన్ చేసి అడిగాను. “అయ్యో, ప్రేమతోనే పెట్టానండీ. పదిమంది దండం పెడితే మంచిదే కదా” అంది. మా ఆయనతో చెబితే, “ఊరుకోవే, పొద్దున లేస్తే ఆయన మొహం చూడాలి నేను” అన్నారు. ఊరుకున్నాను. పెరట్లోకి వెళ్లడం కూడా మానేశాను. ఏసీ చప్పుడు వింటూ గదిలో పడుకుని, నా ఎండ కూడా పోయింది కదా అని పళ్లు నూరుకునేదాన్ని.

అలా ఉండగా ఒకరోజు ఏసీ బాగుచేయించడానికి ఇంటి యజమాని వచ్చాడు. ఒమానీ పెద్దాయన, సహం అనే ఊరి దగ్గర ఖర్జూరపు తోటలున్నాయి. పెరట్లో ఏదైనా అడ్డు కట్టుకోవచ్చా అని హిందీలో అడిగాను. ఆయన నా స్కార్ఫు వైపు చూడలేదు. తలెత్తి బాల్కనీ వైపు చూశాడు, అంతలోనే చూపు తిప్పేసుకున్నాడు.

“సత్ర్,” అన్నాడు. మరుగు అని వాళ్ల మాట. ఇంటి ఆడవాళ్లకి మరుగు లేకపోవడం వాళ్ల దృష్టిలో ఇల్లు కట్టినవాడికే తలవంపు. “దీవార్ కో నహీ లగానా. బీచ్ మే బనావ్, మాఫీ ముష్కిల్.”

గోడని తాకితే మునిసిపాలిటీ కాగితాలు కావాలి, మధ్యలో అయితే ఏ ఇబ్బందీ లేదని. పైగా, ఖర్జూరపు మట్టలతో అల్లిన తడికలు తన తోట నుంచే పంపిస్తానన్నాడు. ఇన్నాళ్లూ నేను ఎవరికీ విడమరిచి చెప్పలేకపోయిన సంగతి, ఆ పెద్దాయనకి చెప్పకుండానే అర్థమైంది.

దడి ఎత్తు ఎంతుండాలో నేనే తేల్చాను. దడి కుర్చీకి ఎంత దగ్గరగా ఉంటే అంత తక్కువ ఎత్తు చాలు. దూరం జరిపినకొద్దీ ఎత్తు పెంచాలి. నేను కుర్చీలో కూర్చున్నాను. మా ఆయన నాకు నాలుగడుగుల దూరంలో నిలబడి, మాప్ కర్రని నిలువుగా పట్టుకుని మెల్లగా పైకి లేపుతున్నారు. మా మాటల చప్పుడుకి ఆవిడ బాల్కనీలోకి రానే వచ్చింది. కర్ర చివర ఆవిడ కొప్పుని కప్పేదాకా లేపించి, “చాలు, అక్కడ గుర్తు పెట్టండి” అన్నాను. దడి కొలతకి ఆవిడే వచ్చి నిలబడింది పాపం.

మా ఆయన నాలుగు పలకల దడి చాలన్నారు. నేను ఎనిమిదన్నాను. నాలుగు పలకలైతే నిమ్మచెట్టు ఒక మూలకి అడ్డమొస్తుంది, పైగా గాలి దుమారం వచ్చినప్పుడు అంత వెడల్పు తడిక నిలబడదు. ఇవి నేను ఆయనకి చెప్పిన కారణాలు, అబద్ధాలు కావు. చెప్పనిది ఇంకొకటుంది. వీధి వచ్చి గుమ్మానికి ఎదురుగా తగిలితే వీధిపోటు అంటారు. ఎదుటి కట్టడం మూల గుమ్మాన్ని చూస్తున్నా పోటేనని పక్కింటావిడే నాకు పాఠం చెప్పింది, ఎవరి ఇంటి గురించో. నాలుగు పలకల దడిని గోడలకి సమంగా కడితే వాళ్ల గుమ్మం వైపు పలక వస్తుంది. ఎనిమిది మూలల్ని ఎనిమిది దిక్కులకి తిప్పితే వాళ్ల గుమ్మం వైపు మూల వస్తుంది. ముల్లును ముల్లుతోనే తియ్యాలి.

అందరూ కునుకు తీసే మధ్యాహ్నం వేళ స్కార్ఫు బిగించి కట్టుకుని, ముగ్గు డబ్బా పట్టుకుని పెరట్లోకి దిగాను. నడుము వంచి పని చేసి చాలా రోజులైంది. ముందు మధ్యలో ఒక మేకు కొట్టాను. అక్కడి నుంచి వాళ్ల గుమ్మం నడిమికి ఎదురుగా గోడ మీద బొగ్గుతో ఒక చుక్క పెట్టి, మేకు నుంచి చుక్కకి పురికొస లాగి కట్టాను. ఆ దారం మీద నా మొదటి మూల. తర్వాతంతా ముగ్గే. మేకుకి తాడు కట్టి చుట్టూ గుండ్రంగా గీసుకుని, నాలుగు దిక్కులకీ నాలుగు చుక్కలు పెట్టి కలిపితే ఒక చదరం. దాని మీద ఏటవాలుగా ఇంకో చదరం. వాకిట్లో ఎన్నిసార్లు వేశానో లెక్కలేని ఎనిమిది కోణాల నక్షత్రం ముగ్గు అది. దాని కొసల్ని కలిపితే దడి. మా ఆయన కిటికీలోంచి చూసి, “ఇప్పుడు ముగ్గెందుకే?” అన్నారు. “లక్ష్మీదేవి రావాలి కదండీ” అన్నాను.

దడి కట్టడానికి వచ్చినతను కడప నుంచి వచ్చి ఇక్కడ ఇనప పని షాపులో చేరిన భాయ్. నోరు ఆగదు, పని ముందుకు సాగదు. ముగ్గు చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

“ఏందమ్మా ఇది, గుంతలు తవ్వేదా, పూజ చేసేదా? యాడన్నా దడికి ఎనిమిది మూలలుంటాయా? నాలుగైతే మధ్యాన్నానికి అయిపోతాది.”

“ఎనిమిదే” అన్నాను.

నేను మందు వేసుకోవడానికి లోపలికి వెళ్లి వచ్చేసరికి, ఒక గుంతకి నిమ్మచెట్టు నీళ్ల పైపు అడ్డం వచ్చిందని, అన్ని గుర్తుల్నీ రవ్వంత పక్కకి తిప్పేసి దడికి స్తంభంగా మొదటి ఇనప పైపు పాతేశాడు. ఇంకా సిమెంటు పోయలేదు. వాళ్ల గుమ్మం వైపు చక్కటి పలక వచ్చి కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

“పీకండి దాన్ని. మళ్లీ ముగ్గు మీదే తవ్వండి.”

“పైపుందమ్మా ఆడ.”

“పైపునే జరపండి. మూల మాత్రం జరగడానికి వీల్లేదు.”

“మూల ఎటు జూస్తే ఏమమ్మా?”

నేను వేలు పెట్టి వాళ్ల గుమ్మం చూపించాను. అతను గుమ్మం చూశాడు, దాని పైన కట్టిన తోరణాలు చూశాడు, పురికొస చూశాడు. మొహమంతా నవ్వైపోయింది.

“అదా కథ! మా కడపలో గూడా పోటున్న ఇల్లు ఎవురూ కొనరు. ముందే చెప్పుంటే నేనే గురి జూసి పెట్టుందు గదమ్మా” అని పలుగు అందుకున్నాడు. ఆ తర్వాత అతని చేతిలో పని ఎలా సాగిందో చూడాలి. ఎనిమిది గుంతల్లో ఎనిమిది పైపులు నిలబెట్టి, చుట్టూ దారం బిగించి, తూకం గుండు వేలాడదీసి నిటారుగా చూసుకుని సిమెంటు పోశాడు. పడమటి పైపుకి మాత్రం ఒక తట్ట ఎక్కువే పోసినట్టున్నాడు.

తడికలు కట్టే రోజు ఆవిడ బాల్కనీలోంచి పలకరించింది.

“ఏం కట్టిస్తున్నారండీ, కూర్చోడానికి మండపమా?”

“దడి అండీ.”

“ఎన్ని పలకలండీ?”

“ఎనిమిది.”

ఆవిడ కళ్లు ఒక్కో పైపు మీంచీ జరుగుతూ వచ్చి, కిందకి, తన గుమ్మం మెట్ల దగ్గరికి దిగాయి.

“ఒక మూల మా వైపు వస్తోందేమో, కొంచెం చూసుకోండి.”

“చూసుకునే పెట్టించానండీ” అన్నాను.

దడి లేచింది. వంటింటి వైపు పలకకి చిన్న తలుపు. నేను లోపలికి వెళ్లి గడియ పెట్టుకుని, కుర్చీలో కూర్చుని స్కార్ఫు విప్పాను. ఎండ నేరుగా నడినెత్తిన పడింది. మట్టల మధ్య సన్నని సందులుంటాయి. కన్ను ఆనించి చూస్తే లోపలి నుంచి బయటంతా కనపడుతుంది, బయటి నుంచి లోపల ఏమీ కనపడదు. ఆవిడ బాల్కనీ చివరికంటా నడిచింది, మునివేళ్ల మీద లేచింది, పక్కకి వంగింది. నేను సందులోంచి అంతా చూశాను. జబ్బు చేశాక మొదటిసారి కడుపారా నవ్వుకున్నాను.

ఆవిడ ముందు గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టింది. సముద్రపు ఉక్కకి అది కుళ్లి కారితే ఇంకొకటి కట్టింది. అదీ కుళ్లింది. వాళ్లాయన బాత్రూమ్‌లో జారి మడమ బెణికించుకున్నాడు. ఫ్రిజ్ చెడింది. కారుకి ఎవడో గీత పెట్టి పోయాడు. ఇవన్నీ గ్రూపులోనే తెలిశాయి. ‘మా ఇంటికి ఏదో నరఘోష తగిలింది, అందరూ ప్రార్థించండి’ అని రాసింది. దండాలు వరస కట్టాయి. నేనూ ఒక దండం పెట్టాను.

చివరికి ఒక పొద్దున మా వంటింటి తలుపు కొట్టింది. ఈసారి చేతిలో దానిమ్మకాయలు లేవు.

“మీతో ఒక మాట మాట్లాడాలండీ.”

“రండి, ఎండలో కూర్చుని మాట్లాడుకుందాం” అని దడి లోపలికి తీసుకెళ్లి, గడియ పెట్టి, నా కుర్చీలోనే కూర్చోబెట్టాను. ఆవిడ లోపలి నుంచి ఆ పడమటి మూలని చూస్తూ ఉండిపోయింది.

“దీన్ని కొద్దిగా తిప్పించండి. మూల బదులు పలక మా వైపు వచ్చేట్టు. మీరు నా చెల్లెల్లాంటివారు.”

నేను ఆవిడ ఎదురుగా నిలబడి స్కార్ఫు ముడి విప్పాను. తల అప్పటికి అక్కడక్కడా నూగు నూగుగా మొలుస్తోంది, ముందు కంటే అన్యాయంగా ఉంది. ఆవిడ తల దించేసుకుంది.

“చూడండి. అప్పుడు వెనకనుంచి చూశారు, ఇప్పుడు ముందునుంచి చూడండి. ఫోన్ తెచ్చుకున్నారుగా, తియ్యండి ఫోటో” అన్నాను.

“అలా అనకండి...”

“మా అమ్మాయికి నేను చూపించాల్సిన తల ఇది. మీరు చూపించారు. పరీక్ష ముందురోజు చూపించారు.”

ఆవిడ ఫోన్‌ని ఒళ్లో బోర్లించి రెండు చేతులతో కప్పేసుకుంది. కళ్ల నీళ్లు పెట్టుకుంది. నాకు జాలి వస్తుందేమోనని ఎదురుచూశాను. రాలేదు.

“దీన్ని తిప్పడం ఎలాగండీ, సిమెంటులో పాతాం. వాషింగ్ మెషీనా, ఈడ్చుకెళ్లి ఇంకో మూల పెట్టడానికి?” అన్నాను.

ఆవిడ దడిలోంచి వెళ్తూ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఆ వారంలోనే వాళ్లాయన ప్లాంటులో మా ఆయన్ని పక్కకి పిలిచి, “మీ దడి సంగతి కొంచెం చూడగలరా?” అని అడిగాడట. “మీరేమన్నారు?” అన్నాను. మా ఆయన బూట్లు విప్పుకుంటూ, “గట్టిపడిపోయింది సార్ అన్నాను” అన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన మీద నాకు అంత ప్రేమ పొంగిన రోజు ఇంకొకటి గుర్తురాదు.

వాళ్లు తూర్పు గుమ్మానికి తాళం వేసేశారు. ఏ గుమ్మం కోసం పెద్దిల్లు వదులుకుందో, ఆ గుమ్మానికే లోపల బీరువా అడ్డం పెట్టుకుంది. ఇప్పుడు వాళ్లూ, వచ్చే చుట్టాలూ, ప్లాంటు పెద్దలూ అందరూ ఇంటి చుట్టూ తిరిగి, గ్యాస్ సిలిండర్ పక్క నుంచి వంటింటి దారిన వెళ్తారు. ఆ తలుపు కీలు కిర్రుమంటుంది.

సెలవులకి మా అమ్మాయి వచ్చింది. నా జుట్టు అప్పటికి చెవుల మీదకి దిగింది, చిన్నప్పుడు దానికి ఉన్నట్టే ఉంగరాలు తిరుగుతూ. పొద్దున్నే దడిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాం. అది నన్ను పీట మీద కూర్చోబెట్టి, వెనక కుర్చీలో కూర్చుని తలకి కొబ్బరినూనె రాస్తూ, మెడ మీద పుట్టుమచ్చ దగ్గర కాసేపు వేళ్లు ఆపింది.

“జుట్టు వచ్చేసిందిగా అమ్మా, ఇంక ఈ దడి తీయించేద్దామా? పాపం, వాళ్లు అంత చుట్టు తిరుగుతున్నారు” అంది.

గోడ అవతల చెప్పుల చప్పుడు వినపడింది. ఆ చప్పుడు ఇంటి చుట్టూ తిరిగి, సిలిండర్ దగ్గర ఆగింది, కిర్రుమని తలుపు తెరుచుకుంది.

నేను కళ్లు మూసుకుని, “ఇంకొంచెం నూనె పెట్టవే” అన్నాను.